స్ప్లిట్ ఫిక్షన్‌లో తెర రెండుగా చీలితే గేమ్ నెమ్మదిస్తుందా?

తెర రెండు ముక్కలైనా మొత్తం పిక్సెళ్లు పెరగవు. అసలు భారం వేరేచోట ఉంది. 2025 మార్చిలో వచ్చిన ఈ గేమ్‌లో ఇద్దరు ఆటగాళ్లకు రెండు కెమెరాలు, అంటే గేమ్ ప్రపంచాన్ని చూపే రెండు వేర్వేరు దృశ్యకోణాలు. ఒకరు గాలిలో ఎగురుతుంటే మరొకరు గోడ ఎక్కుతుంటారు. కనిపించే వస్తువులను, వాటి నీడలను ఒక్కో కెమెరాకు విడిగా లెక్కగట్టాలి. సెకనుకు 60 ఫ్రేములు (తెరపై వరుసగా మారే చిత్రాలు) కావాలంటే ఒక్కో ఫ్రేముకు ఆ పనంతా సుమారు 16.7 మిల్లీసెకన్లలో ముగియాలి. ఆన్‌లైన్‌లో ఆడినా తెర చీలే ఉంటుంది, కాబట్టి భారం తగ్గదు. గేమ్ తడబడితే రిజల్యూషన్ జోలికి వెళ్లేముందు నీడల నాణ్యత తగ్గించి చూడండి. ఇద్దరూ ఒకేసారి దూకాల్సిన క్షణంలో కదలిక నిలకడగా ఉండటమే నాకు ముఖ్యం. నీడ అంచు కాస్త మొరటుగా ఉన్నా అప్పుడు కంటికి ఆనదు.