బర్మా నుంచి వచ్చిన బావమరిదితో నూడుల్స్ బండి: పేరెవరిది, డబ్బెవరిది?

ప్రశ్న: మాది విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంప్. తాతగారు 1960ల్లో రంగూన్ వదిలి వచ్చారు. అక్కడే ఉండిపోయిన మేనమామ కొడుకు 2021 సైనిక కుట్ర తర్వాత ఇక్కడికి చేరాడు. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉంది. ఇద్దరం కలిసి ఖౌస్వే (బర్మా నూడుల్స్), మొహింగా (చేపల పులుసు నూడుల్స్) బండి పెడదామనుకుంటున్నాం. నా దగ్గర రూ.1,60,000, తన దగ్గర రూ.50,000 ఉన్నాయి. బండి, పొయ్యి, గిన్నెలకు రూ.75,000 అవుతుంది. ప్లేటు రూ.70కి అమ్ముతాం, సరుకు, గ్యాస్ కలిపి రూ.38 పడుతోంది. చెరిసగం వాటా పెట్టుకోవచ్చా? చేతిలో ఆడటానికి డైలీ ఫైనాన్స్ తీసుకోమంటారా?

జవాబు: వాటా మాట ఇప్పుడే వద్దండి. మీ తాతగారి తరాన్ని స్వదేశానికి తిరిగొచ్చినవాళ్లుగా చూసి పునరావాసం కల్పించారు. మీ బావమరిది మాత్రం చట్టం దృష్టిలో విదేశీయుడు. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, కాబట్టి ఆ కార్డు పనికీ వ్యాపారానికీ అనుమతిపత్రం కాదు. విదేశీయుల నమోదు చూసే ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో లాంగ్ టర్మ్ వీసాకు దరఖాస్తు పెట్టించండి. శరణార్థిగా అది మంజూరైతే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు. అప్పుడు మీ బండి మీద జీతానికి పెట్టుకుని, ఇచ్చిన ప్రతి రూపాయికీ వోచర్ మీద సంతకం తీసుకోండి. అంతదాకా బండి దగ్గర మీరే నిలబడాలి.

ఆయన రూ.50,000 కూడా కలపకండి. పేరు మీది, పెట్టుబడి ఆయనది అయితే రేపు బినామీ చిక్కు వస్తుంది, చుట్టరికమూ చెడుతుంది. వీసా తేలేవరకు ఆ డబ్బే ఆయనకు ఆసరా.

ఇక లెక్క. ప్లేటుకు రూ.32 మిగులుతుంది. సహాయకుడి కూలి రూ.600, ఐసు, నీళ్లు, లైటు, శుభ్రం కలిపి రూ.160 అనుకుందాం. 24 ప్లేట్లు అమ్మితే ఖర్చులు గట్టెక్కుతాయి. ఇంటికి రోజుకు రూ.600 కావాలంటే 43 ప్లేట్లు పోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఉంటుంది, చేప ధర పెరుగుతుంది. సరుకు రూ.46కి చేరిందనుకోండి, అదే రూ.600కి 57 ప్లేట్లు అమ్మాలి. ఆ రెండు నెలలూ మొహింగా తగ్గించి చికెన్ ఖౌస్వే పెంచడం మేలు. అక్టోబరు, నవంబరులో తుపాను రోజులు పోతాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చిందని మీకు గుర్తే. అందుకే నెలకు 26 రోజులే పని అనుకుని లెక్క వేయండి.

బండికి రూ.75,000 పోతే మీకు రూ.85,000 మిగులుతుంది. అందులో సరుకుకు రూ.20,000, రెండు నెలల ఇంటి ఖర్చుకు రూ.36,000 వేరే ఖాతాలో పెట్టండి. మిగిలిన రూ.29,000 వానకూ రిపేర్లకూ ఉంటుంది. అంటే మొదటి నెల అప్పే అక్కర్లేదు. గ్యాస్ మాత్రం 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడండి. ఇంటి సిలిండర్ దొరికితే కేసు పడుతుంది, బండి కూడా పోవచ్చు.

డైలీ ఫైనాన్స్ ఎంత ఖరీదో చూడండి. రూ.10,000 అని చెప్పి రూ.8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, అది నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. రోజుకు వందే కదా అనిపిస్తుంది, మోసమంతా అక్కడే ఉంది! దానికంటే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగంలో వీధి వ్యాపారిగా నమోదై, వెండింగ్ సర్టిఫికెట్ గానీ సిఫారసు లేఖ గానీ తెచ్చుకోండి. దాంతో వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి రుణ పథకం కింద మొదట రూ.15,000 వరకు వస్తుంది. అది తీరిస్తే రూ.25,000, ఆ తర్వాత రూ.50,000. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా మీ పేరునే చేయించండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) పూర్తిగా ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్ల జోలికి పోకండి.

బావమరిది పాస్‌పోర్టు ఇంకా చెల్లుబాటులో ఉంటే మరో దారి ఉంది. ఆయన నాయనమ్మ, అమ్మమ్మ, తాతల్లో ఒకరు భారతీయులని చూపగలిగితే ఓసీఐ కార్డుకు (భారత సంతతి విదేశీయులకు ఇచ్చేది) అర్హత రావచ్చు. అది వస్తే వాటా గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు. అయితే టూరిస్టు వీసాపై ఇక్కడినుంచి దరఖాస్తు చేయనివ్వరు. మీ ఇంట్లో తాతగారి పాత పాస్‌పోర్టు, బర్మా నుంచి వచ్చినప్పటి కాగితాలు, ఊళ్లోని భూమి పత్రాలు ఏమున్నాయో ఈ వారమే వెతికిపెట్టండి.