ఒరాకిల్ డేటాబేస్‌లో టేబుల్ నాకు కనిపిస్తుంది, నా ప్రొసీజర్‌కు కనిపించదు, ఎందుకు?

విడిగా సెలెక్ట్ ఇస్తే డేటా వస్తోందనీ, అదే క్వెరీ ప్రొసీజర్‌లో (డేటాబేస్‌లోనే దాచుకునే ప్రోగ్రామ్‌లో) పెడితే టేబుల్ లేదంటోందనీ, టేబుల్ పాడైందేమోననీ రాశారు. టేబుల్‌కు ఏమీ కాలేదు. దాని మీద మీకున్న హక్కు ఏదో రోల్ (ఒక పేరు కింద కట్టిన హక్కుల మూట) ద్వారా వచ్చింది, నేరుగా మీ పేరున రాలేదు. పందెం కాయమన్నా కాస్తాను.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక రాత్రి కారణం. అప్పట్లో ఒక సంస్థలో జీతాల లెక్కల పని చూసేవాణ్ణి. నెలాఖరు. తెల్లవారితే బ్యాంకుకు జాబితా వెళ్ళాలి. సాయంత్రం ప్రొసీజర్‌లో చిన్న మార్పు చేసి కంపైల్ చేస్తే ఓఆర్‌ఏ-00942, అంటే ఆ పేరుతో టేబుల్ గానీ వ్యూ గానీ లేదని. హాజరు టేబుల్ వేరే స్కీమాలో, అంటే వేరే యూజర్ ఖాతా కింద ఉంది. విడిగా అడిగితే వరుసలు గడగడా వచ్చేస్తున్నాయి. పేరు అక్షరం అక్షరం సరిచూశాను. ముందు స్కీమా పేరు చేర్చాను. సినానిమ్ (టేబుల్‌కు పెట్టుకున్న మారుపేరు) తీసేసి మళ్ళీ పెట్టాను. నాకు అందుబాటులో ఉన్న టేబుళ్ళను చూపే ఆల్_టేబుల్స్‌లో వెతికితే అక్కడా ఉంది. రాత్రి రెండు గంటలకు ఇక ఆగలేక మా సీనియర్ మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ నిద్రమత్తులోనే, "సెట్ రోల్ నన్ అని కొట్టి, అదే సెలెక్ట్ మళ్ళీ వేసి చూడు" అన్నారు. వేశాను. విడిగా కూడా టేబుల్ లేదంది! ఆ ఆదేశం ఆ సెషన్‌లో రోల్స్ అన్నిటినీ ఆపేస్తుంది, అంటే నా హక్కు రోల్ ద్వారానే వచ్చిందన్నమాట.

మామూలుగా రాసే ప్రొసీజర్ దాని యజమాని హక్కులతో నడుస్తుంది. అందులో రోల్స్ ఏవీ పనిచేయవు. యజమానికి నేరుగా ఇచ్చినవీ, పబ్లిక్‌కు ఇచ్చినవీ మాత్రమే లెక్కకు వస్తాయి. టేబుల్ ఉన్న స్కీమా నుంచి మీ యూజర్ పేరు మీదే గ్రాంట్ సెలెక్ట్ ఇప్పించుకుని మళ్ళీ కంపైల్ చేయండి. సెట్ రోల్ నన్ పరీక్ష మీరూ చేసి చూస్తే, అయ్యాక ఒకసారి బయటకు వచ్చి మళ్ళీ లాగిన్ అయితే రోల్స్ యథాస్థితికి వస్తాయి.

హక్కు లేనివాడికి టేబుల్ ఉందన్న సంగతి కూడా తెలియకూడదు, అది సబబే. కానీ క్వెరీలో ఆరు టేబుళ్ళుంటే ఏది దొరకలేదో చెప్పకపోవడం అన్యాయం. ఒరాకిల్ 23ఏఐ వెర్షన్ వచ్చేదాకా ఆ సందేశంలో పేరే ఉండేది కాదు.

నాకు అంతకన్నా కోపం తెప్పించేది మరొకటి. ఆ ఉదయం మా అడ్మిన్ విషయం పూర్తిగా వినకుండానే "డీబీఏ రోల్ ఇచ్చేస్తాను, పని అయిపోతుంది" అన్నాడు, అంటే డేటాబేస్ అడ్మిన్ హక్కుల మూట. అదీ రోలే కదా, ప్రొసీజర్‌లో అదెలా పనిచేస్తుంది? ఆ మాట చెబితే ఏ టేబుల్‌నైనా చదవనిచ్చే సెలెక్ట్ ఎనీ టేబుల్ హక్కు నేరుగా ఇస్తానన్నాడు. హాజరు టేబుల్ ఒక్కటి చదవడానికి సంస్థలో ప్రతివాడి జీతమూ, బ్యాంకు ఖాతా నంబరూ నా ముందు పరిచేస్తాడా? తొందరలో ఇచ్చిన హక్కును తర్వాత గుర్తుపెట్టుకుని వెనక్కి తీసుకున్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. వద్దని, ఒక్క టేబుల్ పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. గ్రాంట్ ఇవ్వడానికి నిమిషం పట్టింది. జాబితా సమయానికే వెళ్ళింది. మీరూ అలాగే ఆ ఒక్క టేబుల్ పేరే రాసి పంపండి.