మనోవర్తి ఇవ్వలేదని పిల్లల్ని చూపించకుండా ఉండొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఏడాదిగా పుట్టింట్లోనే ఉంటున్నాను. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు నాలుగు. అనంతపురంలో ఉన్న మా ఆయన పైసా పంపడు గానీ, పిల్లల్ని చూపించకపోతే కస్టడీ కేసు వేస్తానంటున్నాడు. డబ్బు ఇచ్చేదాకా చూపించనంటే తప్పా? బాబును కోర్టులో బోనెక్కిస్తారా? వాడు ఇప్పటికే రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు.

జవాబు: బోను భయం వదిలేయండమ్మా. ఇలాంటి కేసుల్లో జడ్జి మామూలుగా పిల్లవాణ్ని తన ఛాంబర్లోకి పిలిచి, పెద్దవాళ్లను బయట ఉంచి మాట్లాడతారు. ఏ స్కూలు, అన్నం ఎవరు పెడతారు, సాయంత్రం ఎవరితో ఆడుకుంటావు, ఇలాంటివే అడుగుతారు. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఉంది. అయినా వాడి మాటే తీర్పు కాదు, కోర్టు చూసేది పిల్లల మేలు. మీరు హిందువులైతే, ఐదేళ్లు నిండని పాప సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది.

అందుకే ‘నాన్న వద్దని చెప్పు’ అని వాడికి నేర్పకండి. ‘నాన్న చెడ్డోడు’ అని బిడ్డ ఏడుస్తున్న వీడియో ఫోన్లో పెట్టుకుని మా దగ్గరికి చాలామంది వస్తారు. వెనక నుంచి ‘ఇంకా చెప్పు, ఇంకా చెప్పు’ అనే గొంతు వినిపిస్తూనే ఉంటుంది. అలాంటిది కేసుకు మేలు చేయకపోగా మీకే అడ్డం తిరుగుతుంది.

డబ్బు సంగతి వేరు, చూపించడం వేరు. మనోవర్తికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 144 (పాత సీఆర్‌పీసీలో 125) కింద మీరుంటున్న చోటే కేసు వేయొచ్చు, అనంతపురం తిరగక్కర్లేదు. మధ్యంతర మనోవర్తి (కేసు తేలేలోపు ఇచ్చేది) దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని చట్టమే చెబుతోంది. ఆ దారి ఉండగా బిడ్డను తాకట్టు పెట్టడం ఎందుకు? కస్టడీ లేని తల్లి గానీ తండ్రి గానీ పిల్లల్ని కలవాలని, వీడియో కాల్‌లోనైనా మాట్లాడాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. చూపించకపోతే రేపు ఆయన లాయరు మొదట ఎత్తేది అదే. తాగి వస్తాడనో, ఎత్తుకుపోతాడనో భయముంటే మాత్రం, ఎవరో ఒకరి సమక్షంలోనే కలవాలని కోర్టును అడగండి.

ఆదివారం రమ్మంటే టైము ముందే మెసేజ్‌లో రాయించుకోండి. ‘మీ నాన్నను ఫీజు అడుగు’ అని బాబుతో కబురు పంపకండి. వాడి క్లాస్ టీచరుకు విషయం చెవిన వేయండి. నిద్ర కుదుటపడకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. లాయరు ఫీజుకు దిగులొద్దు, ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉంది. కడప జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి.