ముందు ఆ ఫోటో తీసెయ్ తల్లీ

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో నిన్న రాత్రి భోజనాలయ్యాక చూశాను. గొంతు బాగుంది, మాట తీరు ఇంకా బాగుంది. మీ అమ్మమ్మ ఉంటే మురిసిపోయేది. కానీ వీడియో తెరవకముందే కనిపించే బొమ్మ దగ్గరే నా మనసు కలుక్కుమంది. ఆసుపత్రి మంచం మీద చిక్కి శల్యమైన సావిత్రి గారి ఫోటో పెట్టావు. ముందు దాన్ని తీసెయ్ తల్లీ.

ఇంకా పదిమంది పాతతరం తారల మీద చేస్తానని, ఎలా చెయ్యాలో చెప్పమని అడిగావు. మద్రాసులో సినిమా పత్రికల్లో పాతికేళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి చెప్పగలను. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. 19 నెలలు కోమాలో ఉండి, 1981 డిసెంబర్ 26న సావిత్రి గారు పోయారు. ఆ వారం నేనో రెండు పేజీల వ్యాసం రాశాను. అప్పులు, తాగుడు, చేజారిన ఆస్తి, అన్నీ అందులో ఉన్నాయి. వడపళనిలో టీ కొట్టు దగ్గర ఒక ముసలి లైట్‌మన్ ఆ రెండు పేజీలూ నా చేత చదివించుకుని విన్నాడు. "బాబూ, ఇందులో ఆయమ్మ ఒక్క రోజైనా షూటింగుకి వచ్చినట్టు లేదే" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తర్వాత చాలా సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చున్నాను. స్టూడియో ఫ్లోర్‌లో దీపాల వేడికి పైన చెక్కల మీద కూర్చున్న లైట్‌మన్లకే ఊపిరాడేది కాదట. మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే రోజులు, టేక్ అనగానే ఫ్యాన్లు ఆపేసేవారు. పట్టుచీర, నిండా నగలు, ముఖాన మేకప్, పైన ఆ వేడి, అయినా ముఖంలో ఎక్కడా అలసట కనబడకూడదు. పైగా రెండు భాషలు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో శశిరేఖ తెలుగులోనూ సావిత్రే, తమిళంలోనూ సావిత్రే. తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావు గారు, తమిళంలో జెమినీ గణేశన్ గారు. అదే సిగ్గు, అదే బెంగ, ఎదురుగా మాత్రం వేరే మనిషి, నోట్లో వేరే భాష. నీ వీడియో పద్నాలుగు నిమిషాలుంటే ఈ పని గురించి ఉన్నది నిమిషం కూడా లేదు.

అందుకని ఎవరి మీద చేసినా ముందు వాళ్ళ సినిమా రెండుసార్లు చూడు, రెండోసారి సౌండ్ తీసేసి చూడు. మాయాబజార్‌లో "అహ నా పెళ్ళియంట" పాటతో మొదలుపెట్టు. అక్కడున్నది శశిరేఖ కాదు, ఆ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. సుశీల గారి గొంతు, ఘంటసాల గారి గొంతు రెండూ లేకుండా చూస్తే ఆ భుజాలు, ఆ నడక పట్టిస్తాయి. పెళ్ళికూతురి ఒయ్యారం మధ్యలో ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు గారి దర్పం ఒక్క క్షణం తొంగిచూసి మాయమవుతుంది. ఆ క్షణం ఎక్కడ వస్తుందో నువ్వే పట్టుకుని, ఆపి చూపించు. అలాగే 1960లో వచ్చిన చివరకు మిగిలేదిలో నర్సు వేషం చూడు. 1968లో చిన్నారి పాపలుకి దర్శకత్వం చేసింది కూడా ఆవిడే, దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

పాతతరం నటుడు చిత్తూరు నాగయ్య గారి మీద తర్వాత చేస్తానన్నావు. అందరూ ఆయన దానధర్మాలతో మొదలెట్టి చివరి రోజుల లేమితో ముగిస్తారు. రెండూ నిజమే. కానీ 1946 నాటి త్యాగయ్యలో నటన, దర్శకత్వం, సంగీతం మూడూ ఆయనవే. కెమెరా ముందు భక్తిలో మునిగిపోయిన మనిషే, కట్ అనగానే దర్శకుడై షాట్ బాగుందో లేదో తేల్చుకోవాలి. నన్నడిగితే నీ కథ అక్కడ మొదలవ్వాలి.

తేదీలతో జాగ్రత్త. సావిత్రి గారు పుట్టిన సంవత్సరం ఒకచోట 1934 అని, ఇంకోచోట 1936 అని కనిపిస్తుంది. నువ్వు ఒకటి ఖాయం చేసి చెప్పేశావు. రెండూ చెప్పు, తప్పేం లేదు. ఎవరికెంత పారితోషికం అన్న లెక్కల జోలికి మాత్రం పోకు, నోటికొచ్చిన అంకెలే ఎక్కువ.

పాతవాళ్ళని కలవడానికి పొద్దున పూట వెళ్ళు. మధ్యాహ్నానికి అలసిపోతారు. కూర్చున్న వెంటనే ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టకు. "ఆవిడకి మందు ఎవరు అలవాటు చేశారు" లాంటి ప్రశ్న అసలు వద్దు. స్టూడియోలో మీ మొదటి రోజు ఏం పని చేశారండీ అని అడుగు. మేకప్ వేసినవాళ్ళు, చీరలు ఇస్త్రీ చేసినవాళ్ళు, దీపాలు మోసినవాళ్ళు ఇప్పుడు బతికున్నది కొద్దిమందే. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళు, హీరోల వారసులని తర్వాతైనా కలవొచ్చు.

సంక్రాంతికి తెనాలి రా. నా ట్రంకు పెట్టెలో ఆనాటి పాటల పుస్తకాలున్నాయి. థియేటర్ దగ్గర అణాలకి కొన్నవి, నటీనటుల పేర్లు, కథ, పాటలు అన్నీ ఉంటాయి. మాయాబజార్‌ది అట్ట ఊడిపోయింది, కాగితం పెళుసైపోయింది. ఫోటోలు తీసుకుందువుగాని, పేజీలు మాత్రం నేను తిప్పుతాను.

మీ చిన్నతాతయ్య