కాలువ గట్టు దగ్గరికి వెళ్లకు

చి॥ శ్రీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

కుడికంట్లో కార్నియా, అదే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బుకు క్రాస్-లింకింగ్ చికిత్స చేయించుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. ఏడవడానికేముందని కేకలేశాను. ఫోను పెట్టేశాక నాకూ కాలుచేయి ఆడలేదు. అద్దాల నంబరు ఊరికే మారుతోందని నువ్వే అనుమానపడి, నువ్వే వెళ్లి టోపోగ్రఫీ, అదే కార్నియా ఆకారం చూసే పరీక్ష, తీయించుకున్నావట. మన ఇంట్లో ఆ మాత్రం బుద్ధి ఉన్నవాడు ఒకడున్నాడు!

చికిత్సకు భయపడకు. చుక్కలతో కన్ను మొద్దుబార్చి, కార్నియా పైపొర గీకి తీస్తారు. అరగంట సేపు రైబోఫ్లేవిన్ చుక్కలు, అదే బీ2 విటమిను, వేస్తారు. తర్వాత అతినీలలోహిత కాంతి. డ్రెస్డెన్ పద్ధతి అని మొదట్నుంచీ ఉన్నదానిలో అదీ అరగంటే. కార్నియాలోని కొలాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి పొర గట్టిపడుతుంది. ఆ పద్ధతికి పైపొర తీశాక 400 మైక్రాన్ల మందమైనా ఉండాలంటారు. నీది ఎంతో అడుగు. అద్దాలు పోతాయని ఆశపడకు, జబ్బు ముదరకుండా ఆపడానికే ఇది. మొదటి వారాల్లో చూపు ఇంకా మసకబారుతుంది, కంగారుపడి అమ్మను హడలగొట్టకు.

చికిత్స హైదరాబాదులో, విశ్రాంతి మాత్రం ఊళ్లో అన్నావట. నా బెంగంతా అక్కడే. నేను కంటి వార్డులో నర్సుగా ఉన్న రోజుల్లో అంబాజీపేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, కొబ్బరి పీచు పని. ఇదే చికిత్స. రెండు రోజులు నొప్పికి అల్లాడిపోయాడు. మూడోనాడు నొప్పి తగ్గింది, తగ్గితే నయమైపోయినట్టే అనుకున్నాడు. పైపొర ఇంకా అల్లుకోలేదు, పుండుకు కట్టులా పెట్టిన లెన్సు కంట్లోనే ఉంది. అప్పుడే కాలువకు నీళ్లు వదిలారు. స్నేహితులతో ఈతకు దిగాడు. వారం తిరక్కుండా నల్లగుడ్డు మీద తెల్లటి పుండుతో వచ్చాడు. గంటగంటకూ, రాత్రుళ్లు కూడా, చుక్కలు వేశాం. పుండు మానింది, మచ్చ మాత్రం సరిగ్గా చూపుకు అడ్డంగా మిగిలిపోయింది. "కాలువే కదండీ సిస్టరుగారూ" అన్నాడు. గోదావరి నీళ్లే, కాదనను, నేనూ అవే తాగి పెరిగాను. గేదెలను కడిగేదీ అందులోనే, చెరువుల మురుగు కలిసేదీ అందులోనే.

డాక్టరు మానిందనేదాకా నీళ్లు మెడ కిందికే. బోరు నీళ్లయినా అంతే. లెన్సు జారిపడితే తిరిగి పెట్టుకోకు. నొప్పి తగ్గి మళ్లీ పెరిగినా, కన్ను ఎర్రబడినా తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరు.

ఇక నీ చేతులు. నూర్పిళ్ల దుమ్ముకు పిడికిళ్లతో కళ్లు నులుముతుంటే నీ రెండు చేతులూ పట్టుకుని ఒళ్లో పడుకోబెట్టుకునేదాన్ని. అప్పుడైతే చేతులు నా గుప్పిట్లో ఇమిడేవి. నులమడం ఈ జబ్బును పెంచుతుంది నాయనా. దురద ఉంటే ఎలర్జీకి మందు అడుగు. స్టీరాయిడ్ చుక్కలు మాత్రం దుకాణంలో సొంతంగా కొని వాడావంటే ఊరుకోను.

చెల్లి కూడా కళ్లు నులుముతోందని మీ అమ్మ మాటల్లో బయటపడింది. ఇది కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి వస్తుంది. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు దానికీ టోపోగ్రఫీ తీయించు. డబ్బు నేను పంపుతాను. మీ నాన్నగారితో అనకు, మొహమాటపడతారు.

— పెద్దమ్మ