ఇంటి మెషీన్ చూపే కొవ్వు శాతాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

విదేశానికి కొత్తగా వచ్చి స్థిరపడుతున్న మనవారు నన్ను తరచుగా అడిగే సందేహాల్లో ఇది ఒకటి: కొవ్వు శాతం చూపించే వెయింగ్ మెషీన్ కొన్నాము, నిన్న 27 అన్నది, ఈ రోజు 25 అంటున్నది, వీటిలో ఏది నిజం? 70 కిలోల మనిషిలో రెండు శాతమంటే సుమారు కిలోన్నర కొవ్వు, అంత కొవ్వు ఒక్క రాత్రిలో కరగడం అసాధ్యం. మారినది ఒంట్లోని నీరు, లేదా అది ఉన్న చోటు.

ఆ మెషీన్ కొవ్వును నేరుగా కొలవదు. మనం పాదాలు మోపే లోహపు పలకల ద్వారా, మనకు తెలియనంత స్వల్పమైన విద్యుత్తును ఒంట్లోకి పంపి, దానికి ఎంత నిరోధం ఎదురైందో చూస్తుంది. కండలో నీరు ఎక్కువ కనుక విద్యుత్తు సులువుగా సాగుతుంది, కొవ్వులో నీరు తక్కువ కనుక అడ్డు తగులుతుంది. ఆ నిరోధానికి మన బరువునూ, మనం నమోదు చేసిన ఎత్తు, వయసు, స్త్రీపురుష వివరాలనూ కలిపి, కొవ్వు కాని శరీరభాగంలో దాదాపు 73 శాతం నీరే ఉంటుందన్న అంచనాపై ఒక అంకెను లెక్కగట్టి చూపుతుంది. అందుచేత ఒంట్లో నీరు తగ్గిన రోజున కొవ్వు పెరిగినట్టూ, రోజంతా నిలబడి సాయంత్రానికి కాళ్లలోకి నీరు దిగినప్పుడు కొవ్వు తగ్గినట్టూ కనిపిస్తుంది. పైగా విద్యుత్తు ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి గుండా దిగిపోతుంది కాబట్టి, మనం నిజంగా పట్టించుకోవలసిన పొట్టభాగం గురించి దానికి తెలిసేది చాలా స్వల్పం. చేతులతో పట్టుకునే పిడులు కూడా ఉన్న మెషీన్లు ఈ విషయంలో కొంత మెరుగు.

ఒక ఉదయం నేనే పరీక్షించి చూశాను. మెషీన్ మీద నుంచి దిగి, ఫోన్‌లోని యాప్‌లో నా వయసును ఇరవై ఏళ్లు తగ్గించి, నిమిషం గడవకముందే మళ్లీ ఎక్కాను. బరువు గ్రాము కూడా మారలేదు, కొవ్వు శాతం మాత్రం మూడుకు పైగా పడిపోయింది. క్రీడాకారులకు ఉద్దేశించిన సెట్టింగ్ ఎంచుకుంటే ఇంకా పడిపోయింది. ఆనాటి నుంచి ఆ అంకెను నా శరీరపు లెక్కగా తీసుకోవడం మానేశాను. అయినా మెషీన్‌ను పారేయనవసరం లేదు. ఉదయం లేచి, మూత్రవిసర్జన తరువాత, ఏమీ తాగకముందు, పొడి పాదాలతో రోజూ ఎక్కి, వారం సగటును మాత్రమే రాసుకుంటూ పోతే, రెండు మూడు నెలల్లో కొవ్వు ఏ దిశగా సాగుతున్నదో తెలుస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ఈ మెషీన్ ఎక్కకూడదు.

చర్మపు మడతను పట్టి కొలిచే కాలిపర్లు చవక, చేయి తిరిగినవారి చేతిలో బాగానే పనిచేస్తాయి. అయితే ఆ మడతల మందాన్ని శాతంగా మార్చే సూత్రాలు వేరేవారి శరీరాల నుంచి తీసినవి. ఎక్కువగా వాడే సూత్రాల్లో ఒకటి 1974లో 481 మందిని నీటిలో ముంచి తూచి రూపొందించినది. చర్మం కింది కొవ్వును మాత్రమే పట్టుకునే ఈ పరికరానికి పేగుల చుట్టూ చేరిన కొవ్వు అందదు.

అమెరికా నౌకాదళం వాడుకలోకి తెచ్చిన టేపు పద్ధతి పురుషులకు ఎత్తు, మెడ, నడుము చూస్తుంది, స్త్రీలకు తుంటి కొలతను కూడా కలుపుతుంది. 68 అంగుళాల ఎత్తు, 15 అంగుళాల మెడ, 36 అంగుళాల నడుము ఉన్న పురుషుడికి అది సుమారు 22 శాతం అంటుంది. టేపు కాస్త వదులై నడుము 37గా పడితే 24కు చేరుతుంది. ఒక్క అంగుళానికి అంత తేడా వస్తున్నప్పుడు శాతంగా మార్చడం దేనికి, నడుము కొలతనే నేరుగా రాసుకోవడం మేలని నా అభిప్రాయం.

మనవారికి ఆ కొలత మరింత ముఖ్యం. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యడ్కిన్ తమ ఇద్దరి శరీరాలనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత తగినదో చూపే అంకె, 22.3. స్కాన్‌లో తేలిన కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బరువు సాధారణంగా ఉన్నా కొవ్వు ఎక్కువగా, అదీ పొట్ట దగ్గర చేరడం మన దేహాల్లో తరచుగా కనిపిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసియా ప్రజల విషయంలో 25 దాకా ఆగకుండా బీఎంఐ 23 నుంచే జాగ్రత్త పడాలని సూచించింది. నడుము విషయంలో దక్షిణాసియా పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దుగా పెట్టుకున్నారు.

కొలిచేటప్పుడు అద్దం ముందు నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ టేపు చుట్టి, అది వెనుకవైపు కిందికి జారలేదని చూసుకోండి. పొట్ట లోపలికి లాగకుండా మామూలుగా ఊపిరి వదిలి చదవండి, రెండుసార్లు కొలవండి. కచ్చితమైన శాతమే కావాలనుకుంటే తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో ఒంట్లోని కొవ్వును లెక్కగట్టే డెక్సా స్కాన్ చేయించుకోవచ్చు, కానీ రెండోసారి కూడా అదే యంత్రం మీద చేయించుకుంటేనే పోల్చడానికి వీలవుతుంది. ఇక్కడి డాక్టరు మీ బీఎంఐ చూసి అంతా బాగుందని చెప్పినప్పుడు, మీ మూలాలు దక్షిణాసియావని గుర్తు చేసి, నడుము కొలత చెప్పి, కుటుంబంలో మధుమేహం ఉంటే ఆ సంగతి కూడా తెలియజేసి, రక్తంలో చక్కెర పరీక్ష చేయించమని అడగండి.