మోకాలు ఆగుతుంది, ముందు లివర్ సంగతి తేల్చండి

గాజువాక నుంచి ఒకరు అడిగారు: అమ్మకు 62 ఏళ్లు, రెండు మోకాళ్లూ మార్చాలన్నారు. తీరా రక్తపరీక్షల్లో హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చింది. ఆపరేషన్ చేయిస్తే కోలుకోవడం కష్టమా అని.

చేయించవచ్చు, ఈ నెలలో మాత్రం వద్దు. అరిగిన మోకాలు ఆరు నెలలు ఆగితే కొంపలేం మునగవు.

ముందు ఆ చీటీ మళ్లీ చూడండి. అందులో ఉన్నది యాంటీబాడీ పరీక్ష అయ్యుంటుంది. వైరస్ ఎప్పుడో వచ్చి దానంతటదే పోయినా, మందులతో నయమైనా, అది పాజిటివ్‌గానే ఉంటుంది. ఇప్పుడు రక్తంలో వైరస్ ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ వైరల్ లోడ్. ఉందని తేలితే సోఫోస్బువిర్ 400 మి.గ్రా.తో పాటు డక్లాటాస్విర్ 60 గానీ వెల్పటాస్విర్ 100 గానీ రోజుకొకసారి, మామూలుగా 12 వారాలు. కోర్సు అయిన 12 వారాలకు వైరల్ లోడ్ మళ్లీ చేయించాలి. నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఈ మందులు ఉచితం. విశాఖ మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) విచారించండి. నయమయ్యాక ఆ రిపోర్టు ఫైల్లో పైనే పెట్టండి, లేకపోతే తర్వాత చూసే ప్రతి మత్తు డాక్టరుకూ మొదటినుంచీ చెప్పుకోవాలి.

మందులు వాడుతూనే ఆపరేషన్ చేయిస్తే ఏం పోయింది అంటారా? ఆపరేషన్ అయిన చాలామందికి పాంటాప్ లాంటి గ్యాస్ మాత్ర రాస్తారు. అది పడితే వెల్పటాస్విర్ ఒంటికి సరిగ్గా పట్టదు. పైగా వైరస్ ఉండగా కీలు మార్చినవాళ్లలో గాయం ఇన్‌ఫెక్షన్లు ఎక్కువని, ముందే చికిత్స అయినవాళ్లలో తగ్గుతున్నాయని తేలింది.

అసలు తేల్చుకోవాల్సింది లివర్ ఎంత గట్టిపడిందన్నది. లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 7 కిలోపాస్కల్ లోపుంటే పెద్ద బెంగ లేదు, 12.5 దాటితే సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలుపడి బిగుసుకుపోవడం, అనుమానించాలి. దానితో పాటు ప్లేట్‌లెట్లు, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే మాంసకృత్తు), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం లెక్క) పరీక్షలు. ఆల్బుమిన్ 3.5 కన్నా తగ్గితే గాయం మానడానికి సరుకు లేనట్టే. ప్లేట్‌లెట్లు లక్షలోపు పడితే వెన్నులో మత్తు ఇవ్వడానికి ఆలోచిస్తారు, మోకాల్లో రక్తం గూడు కట్టే భయమూ ఉంటుంది. ఆ నిలిచిన రక్తమే క్రిములకు మేత. ఐఎన్ఆర్ పెరిగింది కాబట్టి రక్తం గడ్డకట్టదులే అని పిక్కలో గడ్డల నివారణ మందు సొంతంగా మానేయకండి. లివర్ దెబ్బతిన్నవాళ్లకీ గడ్డలు వస్తాయి. లివర్ ఎంత దెబ్బతిందో ఏ, బి, సిలుగా చెప్పే చైల్డ్ స్కోరు ఏ అయితే జాగ్రత్తలతో చేస్తారు. సి అయితే ఏ మంచి సర్జనూ కత్తి పట్టడు. రెండు మోకాళ్లూ ఒకేసారి అన్న ఆశ మాత్రం వదులుకోండి.

ఇక అసలు ప్రమాదం థియేటర్లో కాదు, ఇంటికొచ్చిన రెండో మూడో రాత్రి. ఆసుపత్రిలో ఇచ్చిన నొప్పి ఇంజెక్షన్ల ప్రభావం పోయుంటుంది, ఫిజియో వంచిన కాలు సలుపుతుంది, అమ్మ నిద్రపోనివ్వదు. చీటీలో పారాసిటమాల్ 650 మూడుపూటలా ఉంది, అంటే 1950 మి.గ్రా. అది చాలట్లేదని ఎదురు మందుల షాపులో ఎసిక్లోఫెనాక్ మాత్ర తెస్తారు. చాలా బ్రాండ్లలో అందులో పారాసిటమాల్ 325 కలిసే ఉంటుంది. రెండేస్తే 650. పారాసిటమాల్ కలిపిన ట్రమడాల్ మాత్రలోనూ 325 ఉంటుంది, అదీ రెండు. మొత్తం 3250! సిర్రోసిస్ ఉన్నవాళ్లకు రోజుకు 2 గ్రాములే హద్దు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ ఆ లివర్‌తో కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. ట్రమడాల్‌తో మలబద్ధకం పట్టి మనిషి మగతగా, తికమకగా అయితే ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. సిర్రోసిస్ ఉంటే ముందే విరేచనం సాఫీగా అయ్యే లాక్టులోజ్ సిరప్ అడగండి, రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేలా. నొప్పికి ఐస్ ప్యాక్ 20 నిమిషాలు చొప్పున రోజుకు నాలుగైదుసార్లు.

పసరు మందు జోలికీ, కోవిడ్ రోజుల్లో అలవాటైన తిప్పతీగ జోలికీ పోవద్దు. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వచ్చాయి. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని చారన్నం మీద ఉంచే పెద్దమ్మలతో మాత్రం ఎవరూ గెలవలేరు. 60 కిలోల మనిషికి రోజుకు 75 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకి 6, వంద గ్రాముల చేపకి 20 వస్తాయి. కాళ్లు వాస్తుంటే ఎండు చేపలు, ఆవకాయ పక్కన పెట్టండి.

కొన్నిచోట్ల హెపటైటిస్ అనగానే థియేటర్ సిబ్బంది రక్షణ కిట్ పేరుతో అదనంగా గుంజుతారు. ఆ భయంతో దాచేవాళ్లున్నారు. దాస్తే మాత్రల డోసు తప్పుతుంది. బిల్లు వివరం రాసిమ్మని అడగండి, అంతే.

హెపటైటిస్ బి అయితే లెక్క వేరు. డాక్టరు రాసిన ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ ఆపరేషన్ రోజు కూడా ఆపకూడదు, ఆపితే వైరస్ విరుచుకుపడుతుంది. ఖాళీ కడుపున ఉండమన్న ఉదయం అది ఎప్పుడు వేయాలో మత్తు డాక్టరును అడిగి రాయించుకోండి. కీళ్లవాతానికి స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ వాడేవాళ్లయితే మరీను.

కట్టు అయిదారు రోజుల తర్వాత కూడా తడుస్తుంటే కుట్లు విప్పే రోజుదాకా ఆగొద్దు, అదేరోజు సర్జన్‌కు చూపించండి.